వల్లి మగ్గం టవర్స్

పొట్నూరు కనకవల్లి గారింట్లో వైఫై మెట్ల మీద కాపురం ఉండేది.

వైఫై పెట్టె కింది హాల్లో, టీవీ పక్కన. అక్కడ బయల్దేరిన సిగ్నల్ మెట్ల మలుపు దాకా ఉత్సాహంగానే ఎక్కి, అక్కడ ఆయాసం వచ్చి కూలబడేది. మూడో అంతస్తుకు చేరేసరికి ఫోన్లో పేరుకు ఒక గీత మిగిలేది. కాబట్టి ఇంట్లో ఎవరికే పనున్నా మెట్ల మలుపే గతి. భర్త సోమేశ్వర్రావు పాలిటెక్నిక్‌లో లెక్కల లెక్చరరు. పిల్లల మార్కులు కంప్యూటర్లోకి ఎక్కించాలంటే అక్కడే కూర్చోవాలి. అత్తగారు మాణిక్యమ్మ ప్రవచనం వినాలన్నా అక్కడే, పీట వేసుకుని. మధ్యలో ఎవరైనా పైకి వెళ్లాలంటే మార్కులూ ప్రవచనమూ రెండూ లేచి నిలబడాలి.

అసలు అవసరం మాత్రం కనకవల్లిది. ఆమె మగ్గం పని నేర్పుతుంది. మగ్గం చట్రం మూడో అంతస్తు గదిలో ఉంటుంది, పగటి వెలుతురు బాగా పడేది అక్కడే కనుక. బరంపురం, బళ్ళారి, మస్కట్ నుంచి ఆడవాళ్లు ఫోన్లో చూసి నేర్చుకుంటారు. ఆమె సూది గుడ్డలో దింపి "ఇప్పుడు జాగ్రత్తగా చూడండి" అనగానే తెర మీద బొమ్మ ఆగిపోయేది. మళ్లీ కదిలేసరికి పువ్వు పూర్తయిపోయి ఉండేది.

"మేడమ్, మొగ్గ చూశాం, పువ్వు చూశాం. మధ్యలో ఏం జరిగిందో కూడా చూపిస్తే బాగుంటుంది" అంది బరంపురం ఆవిడ మర్యాదగా. ఆ వారంలోనే సగం మంది మానేస్తామన్నారు. ఆరేళ్లు కష్టపడి కూడగట్టుకున్న విద్యార్థులు. ఆ రాత్రి కనకవల్లి అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు కేబుల్ డిల్లేశ్వర్రావును పిలిపించింది. ఆయన ఇల్లంతా తిరిగి, గోడలు తట్టి చూసి చెప్పాడు.

"పెద్ద పెట్టి కొంటే సరిపోద్దనుకుంటారమ్మా అందరూ. స్లాబు నిండా ఇనుమే కదా, ఎంత పెద్ద పెట్టయినా ఏటి సేస్తాది? కింద ఒక్కడే నిలబడి అరిస్తే మేడ మీదకి వినబడదు. మేడకొకణ్ణి నిలబెట్టి, ఒకడి మాట ఇంకొకడు అందుకునేలాగ సెయ్యాలి. దీన్నే మెష్ అంటారు."

"అయితే ఒకటి మగ్గం గది చివర పెట్టండి. అక్కడ బొత్తిగా రాదు."

"సిగ్నల్ సచ్చిపోయిన చోట పెడితే అది మాత్రం ఏటి అందుకుంటాదమ్మా? బతికున్న చోట పెట్టాలి. మెట్ల పక్కన. ఇనప బీరువా ఎనకాల మాత్రం పెట్టనివ్వకండి."

అంతస్తుకొకటి చొప్పున మూడు పెట్టెలు బిగించాడు. పెట్టెలు నాలుగేసి కలిపి అమ్ముతారట. మిగిలిన నాలుగోది మేడ తలుపు దగ్గర పెట్టాడు, మాణిక్యమ్మ గారు ఒడియాలు ఎండబెట్టుకుంటూ ప్రవచనం వినడానికి. అన్నింటికీ కలిపి ఒకటే పేరు: వల్లి మగ్గం. ఆ రోజు క్లాసులో మొగ్గకూ పువ్వుకూ మధ్య జరిగేదంతా బరంపురం ఆవిడ కళ్లారా చూసింది. మెట్లు ఖాళీ అయ్యాయి. సోమేశ్వర్రావు తన పెళ్లి తర్వాత ఇంత శాంతి చూడలేదన్నాడు.

సరిగ్గా అదే సమయంలో నీలంపేట పురపాలక సంఘం నవయుగంలోకి అడుగుపెట్టింది.

ఇంటిపన్ను కోసం సిబ్బంది ఎండలో ఇంటింటికీ తిరిగి, మెట్లెక్కి, అంతస్తులు లెక్కపెట్టడం అనాగరికమని కొత్త కమిషనర్ గారు గుర్తించారు. అంతస్తుకొక వైఫై పెట్టె ఉండటం నేటి జీవన విధానం కనుక, పెట్టెలను లెక్కిస్తే అంతస్తులు తెలిసిపోతాయని ఎవరో నిపుణులు సెలవిచ్చారు. ఆ విధంగా 'అంతస్తు దర్శిని' అనే యాప్ పుట్టింది. గేటు దగ్గర నిలబడి ఫోను పట్టుకుంటే చాలు. ఒకే పేరుతో ఎన్ని పెట్టెలుంటే ఆ భవనానికి అన్ని అంతస్తులు. ఒకసారి నమోదయ్యాక ఆ పెట్టెల మీద యాప్ రాత్రింబవళ్లు కన్నేసి ఉంచుతుంది. 'మెట్లెక్కకుండానే లెక్క' అని ఊరంతా బ్యానర్లు కట్టారు.

సర్వేయరు కనకవల్లి ఇంటి గేటు దగ్గర నిలబడి ఫోను చూసుకుని, "నాలుగంతస్తులు. ప్లాను మూడింటికే ఉందండి" అన్నాడు.

"ఉన్నవి మూడేనండి. ఒక్కసారి తలెత్తి చూడండి" అంది కనకవల్లి.

"తలెత్తకూడదండి. తలెత్తితే మాన్యువల్ అయిపోద్ది. మాన్యువల్ రద్దు చేసేశారు."

మర్నాడు గోడకు నోటీసు అంటించారు. అనుమతి లేకుండా నిర్మించిన నాలుగో అంతస్తును ఏల కూల్చరాదో సంజాయిషీ ఇచ్చుకోవలెను.

దంపతులిద్దరూ పట్టణ ప్రణాళికాధికారి బెహరా త్రినాథరావు గారి దగ్గరికి వెళ్లారు. ఆయన మంచివారే. కూర్చోమన్నారు, ఫ్యాను వేయించారు.

"నాలుగో అంతస్తు లేదంటున్నారు. బాగుంది. లేదనడానికి ఆధారం?"

"లేకపోవడమేనండి ఆధారం" అన్నాడు సోమేశ్వర్రావు. "వచ్చి చూడండి, ఆకాశం కనబడుతుంది."

"ఆకాశం ప్రతి ఇంటి మీదా ఉంటుంది లెక్చరరు గారూ. దాన్ని బట్టి అంతస్తు లేదని నిర్ధారించడం శాస్త్రీయం కాదు. అంతస్తు కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. మా వ్యవస్థ ప్రకారం మీ నాలుగో అంతస్తు చాలా స్పష్టంగా ఉంది. సిగ్నల్ నిండుగా వస్తోంది కూడా."

"అది వైఫై పెట్టెండి! మేడ తలుపు దగ్గర పెట్టాం."

"చూశారా, తలుపు కూడా ఉందన్నమాట" అంటూ త్రినాథరావు గారు రాసుకున్నారు.

ఇంటికి రాగానే కనకవల్లి విసురుగా మేడెక్కి నాలుగో పెట్టె తీగ లాగి పారేసింది. పీడా పోయిందనుకుంది. సాయంత్రానికల్లా రెండో నోటీసు వచ్చింది. వివాదంలో ఉన్న అంతస్తును పురపాలక సంఘం అనుమతి లేకుండా, రక్షణ ఏర్పాట్లు లేకుండా, ఇరుగుపొరుగు వారి ప్రాణాలను లెక్కచేయకుండా యజమానురాలు స్వయంగా కూల్చివేయడం తీవ్రమైన నేరం. సదరు అంతస్తును తక్షణం యథాస్థితికి తేవలెను. తెచ్చిన పిమ్మట పురపాలక సంఘం వారే దానిని విధివిధానాల ప్రకారం కూల్చెదరు.

"మళ్లీ తగిలించు" అన్నాడు సోమేశ్వర్రావు నీరసంగా. కనకవల్లి తీగ తగిలించింది. నాలుగో అంతస్తు లేచింది.

సోమవారం కూల్చివేత బృందం దిగింది. గునపాలు, సమ్మెటలు, ఫొటోగ్రాఫరు, వెనక త్రినాథరావు గారు. అందరూ మేడెక్కారు. మాణిక్యమ్మ ఒడియాలు తొక్కకుండా వాళ్లను గోడ వారగా నిలబెట్టింది.

"ఎక్కడ కొట్టమంటారు సార్?" అన్నాడు మేస్త్రి, చుట్టూ చూసి.

త్రినాథరావు గారు ఫోను చూసి, చెయ్యి గాల్లో తిప్పి, "ఇక్కడి నుంచి అక్కడి దాకా" అన్నారు.

ప్రభుత్వపు కూలి కనుక వాళ్లు వెనకాడలేదు. గాల్లోకి సమ్మెటలు విసిరారు. ఫొటోలు తీశారు. కూల్చక ముందు ఆకాశం, కూల్చిన తర్వాత ఆకాశం. మేస్త్రి చెమట తుడుచుకుని, "అయిపోనాది సార్" అన్నాడు. యాప్‌లో మాత్రం నాలుగంతస్తులూ చెక్కు చెదరలేదు.

"కట్టడం చాలా గట్టిది" అని త్రినాథరావు గారు మెచ్చుకున్నారు. కాస్త ఆలోచించి అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. నాలుగో అంతస్తు పనిముట్లకు అందనందున, దానిని మోయుచున్న మూడో కప్పును తొలగించినచో అది తనంత తానే నేలకూలగలదు. పదిహేను రోజులలో అమలు పరచవలెను.

మూడో కప్పు అంటే మగ్గం గది కప్పు. అది నిజం కప్పు. సిమెంటుతో, ఇనుముతో, సోమేశ్వర్రావు బ్యాంకు అప్పుతో వేసిన కప్పు. కనకవల్లి ఆ గదిలోకి వెళ్లి మగ్గం మీద సగంలో ఉన్న నెమలిని చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది.

కూల్చివేత బృందానికి వీధిలో ఇంకో పని కూడా ఉంది. కనకవల్లి ఇంటి పక్కనే పైడమ్మ పెంకుటిల్లు. పైడమ్మ బూరెలు, అరిసెలు చేసి అమ్ముతుంది. వైఫై అంటే ఏమిటో ఆమెకు తెలియదు. పెట్టె లేదు కనుక యాప్‌లో ఆ చోటు ఖాళీ స్థలం. ఖాళీ స్థలాలన్నింటిలోనూ పార్కులు వేయాలని పై నుంచి ఆదేశం. బృందం ఆమె పొయ్యి పక్కన కంచె రాళ్లు దింపడం మొదలుపెట్టింది.

"ఇదేటి బాబూ? నాను నేనా? నా ఇల్లు నేదా?" అంది పైడమ్మ, చేతిలో జల్లెగరిటతో.

"ఉన్నావమ్మా. నువ్వు లేవని ఎవరూ అనలేదే" అన్నారు త్రినాథరావు గారు ఓదార్పుగా. "కాకపోతే ఖాళీ స్థలంలో ఉన్నావు. పార్కు వచ్చాక రోజూ వచ్చి కూర్చోవచ్చు. ప్రవేశం ఉచితం."

మేడ పిట్టగోడ మీద నుంచి ఇదంతా వింటున్న కనకవల్లికి తన కప్పు సంగతి కాసేపు మరుపున పడింది. గబగబా కిందికి దిగి డిల్లేశ్వర్రావుకు ఫోను చేసింది.

"ఇంకో పెట్టె తెండి. పైడమ్మ వాకిట్లో పెట్టాలి. మా దానితోనే కలిపేయండి."

"ఏటమ్మా, మీకున్న కేసులు సాలవా?"

"సాలవు. తెండి."

ఆ పూటే పెట్టె వచ్చింది. పైడమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టించి, పక్కన పువ్వు పెట్టింది. మర్నాడు కంచె స్తంభాలతో బృందం వచ్చేసరికి యాప్‌లో ఖాళీ స్థలం మాయమైంది. ఆ చోట వల్లి మగ్గం భవనపు ఐదో అంతస్తు ఉంది. ఐదో అంతస్తులో పార్కు వేయడం నిబంధనలకు విరుద్ధమని త్రినాథరావు గారే స్వయంగా రాళ్లు ఎత్తించేశారు.

ఈ వార్త వీధిలో పాకింది. ఆ వీధిలో చాలా ఇళ్లు ఖాళీ స్థలాలే. బట్టలు ఇస్త్రీ చేసేవారిది ఖాళీ స్థలం, రిటైరైన కానిస్టేబుల్‌ది ఖాళీ స్థలం, ఆఖరికి వినాయకుడి గుడి కూడా ఖాళీ స్థలమే. అందరూ డిల్లేశ్వర్రావును పట్టుకున్నారు. ఆయన ఇంటికో పెట్టె చొప్పున బిగించుకుంటూ పోయాడు. గాల్లో పెట్టె నుంచి పెట్టెకు దూకే కొద్దీ వేగం తగ్గిపోతుందని వీధి మధ్యన తీగ లాగి, కొన్నింటిని దానికి కలిపాడు. అన్నింటికీ ఒకటే పేరు. కనకవల్లి క్లాసుకు ఇబ్బంది కలగకుండా పగటి పూట పెద్ద సినిమాలు చూడబోమని వీధి వీధంతా మాట ఇచ్చింది.

చివరి పెట్టె వెలిగిన రోజున నీలంపేట కార్యాలయంలో కమిషనర్ గారి తెర మీద ఒక అద్భుతం ప్రత్యక్షమైంది. ఇరవై ఏడంతస్తుల భవనం! జిల్లాలో అంత ఎత్తయింది ఇంకోటి లేదు. రాజధాని నుంచి అభినందనలు వచ్చాయి. నీలంపేట వంటి చిన్న పట్టణం ఆకాశాన్ని అందుకోవడం అందరికీ ఆదర్శమని అందులో రాశారు.

త్రినాథరావు గారు శాలువా పట్టుకుని కనకవల్లి ఇంటికొచ్చారు.

"ప్రారంభోత్సవం పెట్టుకున్నాం. ముఖ్య అతిథిగా రాజధాని నుంచి పెద్దాయన వస్తున్నారు. యజమానురాలిగా మీరు వేదిక మీద ఉండాలి."

"మరి మా కప్పు కూల్చే ఉత్తర్వు?"

త్రినాథరావు గారు నొచ్చుకున్నారు. "పైన ఇరవై నాలుగంతస్తుల బరువు మోస్తున్న కప్పును కూలుస్తామా తల్లీ! అందులో ఎంతమంది కాపురం ఉంటున్నారు! మేం బాధ్యత తెలియని వాళ్లమనుకున్నారా?"

ఆయన వెళ్లాక కనకవల్లి వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. సోమేశ్వర్రావు మాత్రం కాగితం మీద ఏవో లెక్కలు వేసి, "ఇంకో పది పెట్టెలు పెడితే విమానాల వాళ్లు కూడా వస్తారు" అన్నాడు.

ప్రారంభోత్సవం నాడు వీధి మొత్తం పందిరి వేశారు. వేదిక, సోఫాలు, అటూ ఇటూ పెద్ద పెద్ద కూలర్లు, రంగు దీపాలు. ముఖ్య అతిథి కారు దిగి పైకి చూశారు. పందిరి గుడ్డ చిరుగులోంచి ఆకాశం, దానిలో ఒక గద్ద కనిపించాయి.

"చాలా ఎత్తుందే" అన్నారాయన జాగ్రత్తగా.

"ఈ భవన విశిష్టత ఏమిటంటే సార్," అన్నారు కమిషనర్ గారు, "ఎండను గానీ, గాలిని గానీ ఎక్కడా అడ్డుకోదు. పూర్తి పర్యావరణ హితం."

"పై అంతస్తు నుంచి పట్టణం చూడొచ్చా?"

"లిఫ్టు టెండరు దశలో ఉంది సార్."

ముఖ్య అతిథి లేచి మైకు అందుకున్నారు. గుడిసెల నుంచి గగనానికి మన ప్రస్థానం అని మొదలుపెట్టి, ఈ మహా సౌధం నీడలో నిలబడటం తన పూర్వజన్మ సుకృతమన్నారు. ఎండ నెత్తి మీద పడుతుంటే చేతిరుమాలు తల మీద వేసుకున్నారు. అది చూసిన కమిషనర్ గారు కూలర్లన్నీ వేయమని సైగ చేశారు.

కూలర్లన్నీ ఒక్కసారే వేయడంతో వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడుతో పేలింది. కరెంటు పోయింది. వీధిలో పెట్టెలన్నీ ఆరిపోయాయి.

వెంటనే వేదిక మీది ఫోన్లన్నీ సైరన్ కూతలు మొదలుపెట్టాయి. త్రినాథరావు గారు తన ఫోను తెరిచి బిగ్గరగా చదివారు.

"ప్రమాద హెచ్చరిక. వల్లి మగ్గం టవర్స్, ఇరవై ఏడంతస్తులు, కుప్పకూలినది. ప్రాంగణమును తక్షణం ఖాళీ చేయవలెను!"

"కుప్పకూలిందా!" అన్నారు కమిషనర్ గారు. "మనం దాని కిందే ఉన్నాం కదయ్యా!"

ఇక ఎవరూ ఎవరి కోసమూ ఆగలేదు. ముఖ్య అతిథి పూలదండతో సహా వేదిక దూకారు. కమిషనర్ గారు శాలువా నెత్తిన కప్పుకుని, వంగి, కారు వైపు పరుగెత్తారు. సోఫాలు తిరగబడ్డాయి. పోలీసులు విజిళ్లు ఊదుతూ ఖాళీ ఆకాశం కింద నుంచి జనాన్ని తరిమారు. వీధి వాళ్లు మాత్రం ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడి చూస్తున్నారు, ఎందుకంటే వాళ్ల ఇళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

త్రినాథరావు గారు పైడమ్మ అరుగు పక్కన, చేతులు తల మీద పెట్టుకుని ముడుచుకుని దొరికారు. పైడమ్మ చెంబుతో నీళ్లిచ్చింది.

"ఏటి పడిపోనాది బాబూ మీద?"

"ఇరవై ఏడంతస్తులమ్మా" అన్నారాయన వణుకుతూ.

"అయ్యో! దెబ్బ తగల్నేదు గదా?"

సహాయక బృందాలొచ్చాయి. వీధిలో ప్రతి ఒక్కరినీ వాళ్ల ఇంట్లోంచే బయటికి తెచ్చి, దుప్పటి కప్పి, బన్ను ఇచ్చి, శిథిలాల నుంచి సజీవంగా కాపాడినట్టు నమోదు చేసుకున్నారు. మాణిక్యమ్మ నిద్రపోతుంటే లేపి మరీ కాపాడారు. సాయంత్రానికి కరెంటు వచ్చింది, పెట్టెలు వెలిగాయి, యాప్‌లో ఇరవై ఏడంతస్తులు మళ్లీ లేచాయి. కానీ కూలిన భవనం పురపాలక సంఘం అనుమతి లేకుండా తిరిగి లేవడం చట్టవిరుద్ధమని కమిషనర్ గారు ఆ నమోదుకు తాళం వేయించారు. మొత్తం వీధిని శిథిలాలుగా ప్రకటించారు. శిథిలాలు ఎత్తడానికి కావలసినన్ని లారీలు జిల్లాలోనే లేవని తేలడంతో ఆ ఫైలూ ముగిసింది. ఇంతటి ఘోర ప్రమాదంలో ఒక్క ప్రాణం కూడా పోకుండా చూసినందుకు కమిషనర్ గారికి పతకమూ, పెద్ద ఊరికి బదిలీయూ వచ్చాయి.

అప్పటి నుంచి ఆ వీధి జోలికి ఎవరూ రావడం లేదు. శిథిలాలకు పన్ను లేదు. నోటీసు అంటిద్దామన్నా కాగితాల ప్రకారం అక్కడ గోడ లేదు. పైడమ్మ శిథిలాల్లో బూరెలు వేస్తోంది. కనకవల్లి శిథిలాల పై అంతస్తులో మగ్గం నేర్పుతోంది. మానేస్తామన్న వాళ్లంతా మళ్లీ చేరారు. నెమలి పూర్తయింది.

ఒక ఆదివారం పొద్దున త్రినాథరావు గారు ఒంటరిగా, లుంగీలో వచ్చారు. కూర్చోమంటే కాసేపు తటపటాయించి కూర్చున్నారు.

"మాదీ మీలాగే మూడంతస్తులండి. అమ్మాయి పై గదిలో పరీక్షకు చదువుకుంటోంది. క్లాసులు ఆగిపోతున్నాయట, మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. మీ దగ్గర బాగా వస్తుందని విన్నాను."

కనకవల్లి ఉన్న మాట చెప్పింది. ఒక పెట్టె కింద, ఒకటి మెట్ల పక్కన సిగ్నల్ బాగున్న చోట, ఒకటి పైన. బీరువా వెనక వద్దు, ఫ్రిజ్ పక్కన వద్దు. డిల్లేశ్వర్రావు నంబరు కూడా ఇచ్చింది. ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. లేవబోయి మళ్లీ కూర్చున్నారు.

"మరి కరెంటు పోతే..." అన్నారు గొంతు తగ్గించి. "మా ఇల్లు కూలిపోతుంది కదండీ?"

కనకవల్లి ఆయన ముఖంలోకి చూసింది. హాస్యమాడటం లేదు. లోపలి నుంచి మాణిక్యమ్మ కాఫీ గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"కూలిపోనీ నాయనా. కూలిన ఇంట్లో ఉండే సుఖం నీకింకా తెలీదు."

త్రినాథరావు గారు గ్లాసు అందుకున్నారు. పైకప్పు వైపు ఒకసారి చూసి, కుర్చీని గుమ్మం దగ్గరికి జరుపుకుని, కాఫీ తాగడం మొదలుపెట్టారు.